అరువు బలంతో నిలిచిన కుర్చీ

2017 డిసెంబరు 11. సిరియా సముద్రతీరంలో, లటాకియా నగరానికి దగ్గర్లోని హ్మైమిమ్ వైమానిక స్థావరం. రష్యా అధ్యక్షుడు పుతిన్ విమానం దిగి తన సైనికాధికారులతో ముందుకు నడుస్తున్నారు. సిరియా అధ్యక్షుడు బషర్ అల్ అసద్ కూడా ఆయన వెంట నడవబోయారు. ఒక రష్యా అధికారి అసద్ చెయ్యి పట్టుకుని ఆపేశాడు. కొన్ని సెకన్ల వీడియో అది, అప్పట్లో బాగా తిరిగింది. నేల సిరియాది, దానికి అధ్యక్షుడు ఆయన, అయినా ఎక్కడ ఆగాలో చెప్పింది మాత్రం అతిథి. మా పని పూర్తయింది, సేనల్లో ఎక్కువ భాగాన్ని వెనక్కి తీసుకుపోతున్నాం అని ప్రకటించడానికి పుతిన్ ఆ రోజు అక్కడికి వచ్చారు. ఉగ్రవాదులు మళ్లీ తలెత్తితే కనీవినీ ఎరుగని దెబ్బ తింటారని కూడా అన్నారు.

ఏడేళ్లకు మూడు రోజులు తక్కువగా, 2024 డిసెంబరు 8న, అసద్ డమాస్కస్ వదిలి చేరుకున్నది ఆ స్థావరానికే. అక్కడి నుంచి రష్యావాళ్లే ఆయన్ని మాస్కో చేర్చారు. తిరుగుబాటుదారులు వాయవ్యాన ఉన్న ఇద్లిబ్ నుంచి కదిలి అప్పటికి పన్నెండు రోజులు కూడా కాలేదు.

ఒక అగ్రరాజ్యం పరాయి దేశపు అంతర్యుద్ధంలో సైన్యాన్ని దించితే మేలు జరుగుతుందా అన్న ప్రశ్నకు సిరియా కంటే మంచి పాఠం ఈ మధ్యకాలంలో లేదు. 2016లో అడిగి ఉంటే చాలామంది నిపుణులు రష్యా గెలిచిందనే అనేవారు. 2020లో అడిగినా అదే జవాబు. 2024 డిసెంబరులో జవాబు తిరగబడింది. మరి ముందు చెప్పినవాళ్లు తప్పా? పూర్తిగా కాదు. వాళ్లు చూసింది యుద్ధరంగాన్ని. అక్కడ రష్యా నిజంగానే గెలిచింది.

విమానాలు చేసిన పని

2011 మార్చిలో దక్షిణాన దరా పట్టణంలో గోడల మీద ప్రభుత్వ వ్యతిరేక రాతలు రాసిన పిల్లల్ని పోలీసులు పట్టుకెళ్లి హింసించారు. అక్కడ మొదలైన నిరసనల మీద తూటాలు పేలాయి, ఏడాది తిరక్కుండా అది అంతర్యుద్ధమైంది. అసద్ కుటుంబం 1970 నుంచీ దేశాన్ని ఏలుతోంది. సైన్యంలో, నిఘా విభాగాల్లో కీలక స్థానాలు షియాల్లో ఒక శాఖ అయిన, వాళ్ల సొంత అలవీ వర్గం చేతిలో ఉండేవి. సైనికుల్లో అధిక సంఖ్యాకులు సున్నీలు. సొంత ఊళ్ల మీద కాల్పులు జరపమంటే ఎందరో పారిపోయారు, కొందరు అటువైపు చేరారు. 2013లో లెబనాన్ నుంచి షియా సాయుధ సంస్థ హిజ్బుల్లా బాహాటంగా వచ్చి కుసైర్ పట్టణాన్ని గెలిచి ఇచ్చింది. ఇరాన్ డబ్బు, సలహాదారులు, షియా దళాలు వచ్చాయి. అయినా 2015 నాటికి పరిస్థితి అధ్వానం. మార్చిలో ఇద్లిబ్ నగరం పోయింది. మేలో పాల్మైరా ఐసిస్ చేతిలో పడింది. జూలై 26న అసద్ స్వయంగా ఒక ప్రసంగంలో సైన్యానికి మనుషులు చాలడం లేదని, కొన్ని ప్రాంతాలు నిలుపుకోవడానికి మరికొన్ని వదులుకోక తప్పడం లేదని ఒప్పుకున్నారు. ఓ నియంత నోటి నుంచి అలాంటి మాట రావడం మామూలు సంగతి కాదు.

సెప్టెంబరు 30న రష్యా విమానాలు బాంబులు వేయడం మొదలుపెట్టాయి. ఇక్కడ గమనించాల్సింది రష్యా ఎంత తక్కువ ఖర్చుతో పని కానిచ్చిందన్నది. అఫ్ఘానిస్థాన్‌లో సోవియట్ యూనియన్ లక్షమంది సైనికుల్ని దించి, దాదాపు 15 వేల మందిని పోగొట్టుకుని, చివరికి 1989 ఫిబ్రవరిలో వంతెన దాటి ఇంటికి పోయింది. ఆ అనుభవం పుతిన్‌కు బాగా గుర్తుంది. అందుకే సిరియాలో రష్యాది ఆకాశం, నేల మీద చచ్చేది ఇతరులు: సిరియా సైనికులు, హిజ్బుల్లా, ఇరాన్ పోగుచేసిన దళాలు, వాగ్నర్ కిరాయి మనుషులు.

2016 డిసెంబరులో తూర్పు అలెప్పో పడిపోయింది. ఆసుపత్రుల మీద కూడా బాంబులు పడ్డాయి. ఆ తరవాత వచ్చింది అసలు ఎత్తుగడ. 2017లో రష్యా, ఇరాన్, టర్కీ కలిసి కజకిస్థాన్ రాజధాని అస్తానాలో కూర్చుని నాలుగు ‘ఉద్రిక్తత తగ్గింపు మండలాలు’ గీశాయి. పేరు చల్లగా ఉంది. జరిగింది వేరు: నాలుగు చోట్ల ఒకేసారి పోరాడే బలం లేని సైన్యం, మూడు చోట్ల నిశ్శబ్దం కొనుక్కుని, ఒక్కోదాన్ని వరసగా మింగింది. 2018 వేసవి ముగిసేలోగా డమాస్కస్ శివారు తూర్పు గూతా, హోమ్స్ ఉత్తర ప్రాంతం, దరా మూడూ అయిపోయాయి. లొంగిన చోటల్లా ఒకే దృశ్యం. ఆకుపచ్చ సిటీ బస్సులు వరసగా వచ్చి నిలబడేవి. ఆయుధం వదలనివాళ్లు, అసద్ పాలనలో బతకలేమనుకున్న కుటుంబాలు చేతికందిన మూటలతో ఆ బస్సులెక్కి ఇద్లిబ్‌కు వెళ్లిపోయేవారు.

డమాస్కస్‌లో దీన్ని విజయం అన్నారు. అది నిజానికి శత్రువులందరినీ, అందులోనూ ఏ రాజీకీ లొంగనివాళ్లని, ఏరి ఒకే గదిలో పెట్టి తలుపు మూయడం. ఆ తలుపుకు కాపలా టర్కీ. 2020 మార్చి 5న పుతిన్, టర్కీ అధ్యక్షుడు ఎర్దోగాన్ మాస్కోలో కుదుర్చుకున్న కాల్పుల విరమణతో ఇద్లిబ్ అలాగే మిగిలిపోయింది. నాలుగున్నరేళ్ల తరవాత తలుపు లోపలి నుంచి తెరుచుకుంది.

మొండివాడు రాజుకన్నా బలవంతుడు

బయటి సైన్యం దిగితే, దిగినవాడు చెప్పినట్టు లోపలివాడు వింటాడని మనం అనుకుంటాం. హ్మైమిమ్ వీడియో చూస్తే అలాగే అనిపిస్తుంది కూడా. అసలు విషయాల్లో జరిగింది దానికి పూర్తిగా విరుద్ధం.

2015 డిసెంబరులో భద్రతా మండలి 2254వ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. రష్యా కూడా చెయ్యెత్తింది. ఆరు నెలల్లో అందరినీ కలుపుకున్న పాలన, కొత్త రాజ్యాంగం, పద్దెనిమిది నెలల్లో ఐక్యరాజ్యసమితి పర్యవేక్షణలో ఎన్నికలు అని అందులో ఉంది. దేన్నీ అసద్ జరగనివ్వలేదు. 2019లో జెనీవాలో రాజ్యాంగ సంఘం కూర్చుంది, లేచింది, మళ్లీ కూర్చుంది. ఒక్క వాక్యం మీద కూడా ఒప్పందం కుదరలేదు. 2023, 2024లో టర్కీతో రాజీ చేసుకోమని రష్యా నచ్చజెప్పింది. ఎర్దోగాన్ కలుద్దామన్నా, ముందు మీ సైన్యం మా నేల వదలాలని అసద్ భీష్మించారు.

ఎందుకంత మొండితనం? అసద్ స్థానంలో ఉండి ఆలోచిస్తే లెక్క తేలికే. రాజీ పడితే అధికారం పోతుంది. పడకపోతే? రష్యా వదిలేస్తుందా? వదిలేస్తే తార్తూస్ నౌకా స్థావరం పోతుంది, హ్మైమిమ్ పోతుంది, ప్రపంచం ముందు పరువు పోతుంది. కాబట్టి వదలదు. కాబట్టి రాజీ అక్కర్లేదు. రక్షకుడు ఎంత గట్టిగా నిలబడితే, రక్షణ పొందేవాడు అంత బిగుసుకుంటాడు. 2015 జూలైలో మనుషులు చాలడం లేదని ఒప్పుకున్న అసద్‌తో బేరం కుదిరేదేమో. 2016 తరవాతి అసద్‌తో కుదిరే అవకాశమే లేకుండా పోయింది, ఆ అవకాశాన్ని తీసేసింది రష్యా విమానాలే. నా దృష్టిలో మొత్తం వ్యవహారానికి ముడి ఇక్కడే ఉంది.

ఈలోగా ఆ కుర్చీ కింద చెద పట్టింది. యుద్ధానికి ముందు డాలరుకు 50 సిరియా పౌన్లలోపు ఉన్న మారకం 2024 చివరికి 15 వేల దాకా దిగజారింది. అమెరికా ఆంక్షల పాలు కొంత, లెబనాన్ బ్యాంకుల పతనం పాలు కొంత, పాలకుల దోపిడీ పాలు కొంత. ప్రభుత్వ పెద్దల అండతో క్యాప్టగాన్ మత్తు బిళ్లల వ్యాపారం నడిచింది. నిర్బంధ సైనిక సేవకు తీసుకెళ్లిన కుర్రవాళ్లను ఏళ్ల తరబడి ఇంటికి పంపలేదు, జీతం మాత్రం నెల గడవడానికి ఏ మూలకూ చాలదు. రష్యా విమానాలు వీటిలో ఒక్కదాన్నీ బాగు చేయలేవు. 2024 నవంబరు 27న ఇద్లిబ్ నుంచి దాడి మొదలైతే, మూడు రోజుల్లో అలెప్పో పోయింది. డిసెంబరు 4న అసద్ సైనికుల జీతాలు యాభై శాతం పెంచుతూ ఉత్తర్వు ఇచ్చారు. 5న హమా పోయింది.

మరి రక్షకులేమయ్యారు? రష్యా 2022 నుంచి ఉక్రెయిన్‌లో కూరుకుపోయింది. హిజ్బుల్లా నాయకుడు నస్రల్లాను 2024 సెప్టెంబరులో ఇజ్రాయెల్ చంపేసింది, ఆ సంస్థ నడుం విరిగింది. లెబనాన్‌లో కాల్పుల విరమణ అమల్లోకి వచ్చిన రోజునే ఇద్లిబ్ దాడి మొదలైంది. అరువు బలంతో వచ్చే చిక్కు ఇదే: అప్పిచ్చినవాడి ఇంట్లో ఏదో జరిగితే ఇక్కడ దీపం ఆరిపోతుంది. కాబూల్‌లో సోవియట్ అండతో ఏలిన అధ్యక్షుడు నజీబుల్లా కథా అంతే. సోవియట్ సైన్యం వెళ్లిపోయినా మూడేళ్లు నిలబడ్డారు, జలాలాబాద్ ముట్టడిని కూడా తిప్పికొట్టారు. ఆయన్ని ముజాహిదీన్‌లు ఓడించారనడం కంటే, 1991లో మాస్కో నుంచి ఇంధనం, డబ్బు ఆగిపోవడం ఓడించిందనడం సబబు. 2021 ఆగస్టులో అదే నగరంలో అమెరికా నిలబెట్టిన ప్రభుత్వం అంతకాలం కూడా ఆగలేదు. ఆఖరి అమెరికా సైనికుడు విమానం ఎక్కకముందే కూలిపోయింది.

పిట్టపోరు, పిల్లి

పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని మనవాళ్లు ఊరికే అనలేదు. అయితే సామెతలో పిల్లి ఒక్కటే. సిరియాలో ఒకే సమయంలో రష్యా, అమెరికా, టర్కీ, ఇజ్రాయెల్ విమానాలు వేర్వేరు లక్ష్యాల మీద బాంబులు వేస్తుండేవి. గల్ఫ్ దేశాల డబ్బు, అమెరికా నిఘా సంస్థ సీఐఏ ఆయుధాలు తిరుగుబాటుదారులకు అందాయి. పోరాడేవాళ్లు అలసిపోయినప్పుడు మామూలుగా అంతర్యుద్ధం ఆగుతుంది. బయటి నుంచి రెండు వైపులకీ సరఫరా ఉంటే ఎవరూ అలసిపోరు, అలసిపోయేది ఊళ్లు. యుద్ధంలో మొదటి పదేళ్లలోనే 3 లక్షలకు పైగా పౌరులు చనిపోయారని ఐరాస మానవ హక్కుల కార్యాలయం అంచనా. రెండు కోట్ల పైచిలుకు జనాభాలో సగానికి పైగా ఇల్లు వదిలారు.

తిరుగుబాటుదారుల పక్షాన దిగితే ఏమవుతుందో లిబియా చూపించింది. 2011 మార్చి 17న భద్రతా మండలి 1973వ తీర్మానానికి పది దేశాలు అనుకూలంగా ఓటేశాయి, భారత్ సహా అయిదు దూరంగా ఉన్నాయి. పౌరుల రక్షణ కోసమని మొదలైన బాంబుదాడి అక్టోబరు 20న పాలకుడు గడాఫీ చావు దాకా సాగింది. తిరుగుబాటుదారుల చేతిలోని బెంఘాజీ మీదికి వస్తున్న గడాఫీ సైన్యాన్ని ఆపిన మాట నిజం. ఆ తరవాత దేశం ఎవరిదన్నది ఎవరూ ఆలోచించలేదు. 2014కల్లా రెండు ప్రభుత్వాలు, లెక్కలేనన్ని సాయుధ ముఠాలు. 2015 జూలైలో సిర్తె విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే నలుగురు భారతీయులు కిడ్నాపయ్యారు. ఇద్దరు రెండు రోజుల్లో బయటపడ్డారు. మిగతా ఇద్దరూ మన తెలుగువాళ్లు, ఇంటికి చేరడానికి ఏడాది దాటింది. ఆ ఏడాదంతా హైదరాబాద్‌లో వాళ్ల కుటుంబాలు ఎదురుచూసింది, ఒక రకంగా చెప్పాలంటే, న్యూయార్క్‌లో ఎత్తిన చేతులకూ ఆ పైన ఎవరూ చూడని ఖాళీకీ మధ్య.

మనమే పిల్లి అయినప్పుడు

ఇదంతా మాస్కో, వాషింగ్టన్‌ల గొడవ అనుకోవడానికి లేదు. అగ్రరాజ్యం అన్నది ఎక్కడ నిలబడి చూస్తున్నామన్న దాన్నిబట్టి ఉంటుంది. కొలంబో నుంచి చూస్తే ఢిల్లీయే అగ్రరాజ్యం.

1987 జూలై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనె ఒప్పందం మీద సంతకాలు చేశారు. తమిళులకు రాష్ట్ర మండళ్లు, తమిళ పులులకు (ఎల్టీటీఈకి) ఆయుధ విసర్జన, అమలు చూడటానికి భారత శాంతి పరిరక్షక దళం. మర్నాడు గౌరవ వందనం స్వీకరిస్తున్న రాజీవ్‌ను ఒక సింహళ నావికుడు తుపాకీ మడమతో కొట్టాడు. ఎటువైపు గాలి వీస్తోందో ఆ దెబ్బే చెప్పింది. అసలు పోరాడుతున్న ఎల్టీటీఈ ఒప్పందంలో పక్షమే కాదు, ఆ సంతకం దాని తరఫున ఢిల్లీ పెట్టినట్టయింది.

ముందుగా వెళ్లింది మన సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న 54వ పదాతి డివిజన్. జాఫ్నాలో తమిళులు మొదట్లో ఆదరంగా స్వాగతం పలికారు. పది వారాలు గడిచేసరికి అదే సైన్యం అదే జనం మధ్య యుద్ధం చేస్తోంది. అక్టోబరు 11 రాత్రి పులుల నాయకత్వాన్ని పట్టుకోవాలని జాఫ్నా విశ్వవిద్యాలయం మైదానంలో హెలికాప్టర్లతో దించిన 13వ సిక్కు లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు ముప్ఫైమందిలో 29 మంది అక్కడే చనిపోయారు, ఒక్కడు బందీగా దొరికాడు. మరో పది రోజులకు జాఫ్నా ఆసుపత్రిలో మన సైనికుల కాల్పులకు వైద్యులు, రోగులు బలయ్యారు. ఈ రెండో సంగతి మన పత్రికల్లో తక్కువగా కనిపిస్తుంది. జాఫ్నాలో మాత్రం ఎవరూ మర్చిపోలేదు.

దక్షిణాన భారత సైన్యం ఉనికినే సాకుగా చేసుకుని సింహళ వామపక్ష సంస్థ జేవీపీ తిరగబడింది. 1989లో అధ్యక్షుడిగా గద్దెనెక్కిన ప్రేమదాస మన సైన్యాన్ని పొమ్మన్నారు. పొమ్మనడమే కాదు, దాని మీద పోరాడటానికి పులులకు ఆయుధాలూ అందించారు. ఎవరి దేశ సమైక్యత కోసం వెళ్లామో వాళ్లే, ఎవరి హక్కుల కోసం వెళ్లామో వాళ్లకు తుపాకులిచ్చి మన మీదికి తోలారన్నమాట. వెళ్లిపోయే బేరం కుదిర్చిన రోజుల్లో విదేశాంగ మంత్రి మన పి.వి. నరసింహారావే. 1990 మార్చి 24న చివరి దళం ట్రింకోమలీలో ఓడ ఎక్కింది. దాదాపు 1,200 మంది జవాన్లు తిరిగి రాలేదు. మద్రాసు రేవులో దిగినవాళ్లకు స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. మూడు నెలలు తిరక్కుండా ప్రేమదాసకూ పులులకూ యుద్ధం మొదలైంది. 1991లో శ్రీపెరంబుదూరులో రాజీవ్ హత్య, 1993లో కొలంబోలో ప్రేమదాస హత్య. యుద్ధం 2009 దాకా సాగింది. ఒప్పందంలో మిగిలింది 13వ రాజ్యాంగ సవరణ ఒక్కటే, అందులోని భూమి, పోలీసు అధికారాలు నేటికీ కాగితం దాటలేదు.

అలా అని మనం దిగిన ప్రతిసారీ చేతులు కాలాయా? లేదు. 1971 డిసెంబరులో పదమూడు రోజుల యుద్ధం చేసి, 1972 మార్చికల్లా సైన్యం బంగ్లాదేశ్ వదిలి వచ్చేసింది. తేడా సైన్యం గొప్పదనంలో కాదు, సైన్యం అదే. 1970 ఎన్నికల్లో తూర్పు పాకిస్థాన్‌లోని 162 స్థానాల్లో 160 అవామీ లీగ్ గెలిచింది. మమ్మల్ని ఎవరు పాలించాలన్న ప్రశ్నకు అక్కడి జనం ట్యాంకులు రాకముందే జవాబు చెప్పేశారు. ఆ జవాబును తొక్కిపెట్టినవాణ్ని పక్కకు తప్పించడమే మనవాళ్లు చేసిన పని. జాఫ్నాలోగానీ డమాస్కస్‌లోగానీ అలాంటి జవాబు సిద్ధంగా లేదు. దాన్ని తుపాకీతో రాయించబోయారు.

జోక్యమే వద్దనడం కూడా అంత తేలిక కాదని ఒప్పుకోవాలి. 1994లో రువాండాలో హత్యాకాండ మొదలయ్యాక భద్రతా మండలి అక్కడి శాంతిదళాన్ని 270 మందికి కుదించింది. వంద రోజుల్లో దాదాపు 8 లక్షల మందిని నరికేశారు. సిరియాలోనూ, రష్యా రాకపోతే 2015లోనే డమాస్కస్ పడి ఉండేది, అలవీలను, క్రైస్తవులను ఊచకోత కోసేవారు అని వాదించేవాళ్లున్నారు. ఆ భయం ఉత్తిది కాదు. 2025 మార్చిలో అదే లటాకియా తీరంలో కొత్త ప్రభుత్వ పక్షాల దాడుల్లోనూ ఘర్షణల్లోనూ దాదాపు 1,400 మంది చనిపోయారు. మృతుల్లో ఎక్కువమంది పౌరులని, వాళ్లలోనూ ఎక్కువమంది అలవీలని ఐరాస విచారణ సంఘం తేల్చింది. ప్రాణభయంతో కొందరు పరుగెత్తి తలదాచుకున్నది ఎక్కడనుకున్నారు? హ్మైమిమ్ స్థావరంలో. కాకపోతే ఆ తొమ్మిదేళ్లలో ఆ భయం తగ్గించే పని ఒక్కటీ జరగలేదు. అలెప్పోలో, గూతాలో పడ్డ ప్రతి బాంబూ రేపటి పగను పెంచింది, ఆ పగ చివరికి చేరింది బాంబులు వేసిన పైలెట్ల ఇళ్లకు కాదు.

ఇక రష్యా సంగతి. 2025 అక్టోబరు 15న క్రెమ్లిన్‌లో పుతిన్ ఒక అతిథికి చెయ్యి కలిపారు. అహ్మద్ అల్ షరా, సిరియా కొత్త అధ్యక్షుడు. ఇద్లిబ్ నుంచి ఆ పన్నెండు రోజుల దాడిని నడిపింది ఆయనే. అంతకుముందు ఏళ్ల తరబడి రష్యా విమానాలు బాంబులు వేసింది ఆయన మనుషుల మీదే. పాత ఒప్పందాలను గౌరవిస్తామని షరా అన్నారు. హ్మైమిమ్, తార్తూస్ స్థావరాలు ఆ ఒప్పందాల్లోవే. ఈసారి ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకుని ఆపలేదు. అసద్ అదే నగరంలో ఉంటున్నారు.